రాజుగారు తోసేసిన కూర

ఏటి గాలి చల్లగా తగిలే ఒకానొక రాజ్యాన్ని గజకేసరి అనే రాజు ఏలేవాడు. ఆయనకు వంకాయంటే ప్రాణం. పొద్దున గుత్తివంకాయ, రాత్రి వంకాయ పులుసు. మిగతా కూరగాయలన్నీ ఆయన లెక్కలో గడ్డీగాదమే. అందులోనూ బీరకాయంటే మరీ మంట. చిన్నప్పుడు జ్వరమొస్తే వైద్యుడు పథ్యమంటూ అదే పెట్టించాడట.

"బీరకాయ రోగుల తిండి. ఎంత దాచి పెట్టినా ఒక్క చూపుతో పట్టేస్తాను" అని సభలో మీసం దువ్వేవాడు. సభంతా తలలూపేది.

ఒకరోజు ఆయన అంతటితో ఆగలేదు. "రాజ్యంలో బీరపందిళ్లన్నీ పీకించండి. ఆ నేలంతా వంగతోట వేయించండి" అని ఆజ్ఞ ఇచ్చాడు.

అందరూ భేష్ అన్నారు. రాజును నవ్వించడమే కొలువుగా ఉన్న బుచ్చన మాత్రం తల దించుకున్నాడు. ఏటి ఒడ్డున బీరపాదులు పెంచే చెంగల్వ అతని కళ్లలో మెదిలింది. పొద్దు వాలేవేళ ఆమె పందిరి మీద పసుపుపూలు విచ్చుకుంటే, చుక్కలు చేతికందేంత కిందికి దిగినట్టుండేది. ఆ పందిరి కిందే అతను పెళ్లి మాట అడిగాడు. "కూరగాయ ఎంచడం రానివాడితో కాపురమా? ముందు నేర్చుకో" అని ఆమె నవ్వేసింది. అప్పట్నుంచి నేర్చుకుంటూనే ఉన్నాడు.

ఇప్పుడు పందిరి పోతే చెంగల్వ వాళ్లు బతుకుతెరువు వెతుక్కుంటూ ఏరు దాటి వెళ్లిపోవాలి.

ఆ సాయంకాలం సంగతి విని చెంగల్వ చేతిలోని కూరల బుట్ట కింద పెట్టింది. తర్వాత అడిగింది.

"మీ రాజు కూరను రుచి చూసి గుర్తుపడతాడా, కళ్లతో చూసా?"

"చూపు చాలంటాడు."

"అయితే మనకు మంచిదే. రేపు వంట నువ్వే చెయ్యి. ఏదీ, ఆ బుట్టలోంచి వంకాయలు తియ్యి."

బుచ్చన బాగా బొద్దుగా ఉన్నవి తీశాడు.

"అవి ముదురు. నిండా గింజలే. తొడిమ పచ్చగా ఉండాలి, చేతిలో తేలిగ్గా ఉండాలి. ఇన్నాళ్లూ నా మాటలు విన్నావా, నా మొహం చూస్తూ కూర్చున్నావా?"

"రెండోదే" అన్నాడతను.

"బీరకాయనైనా సరిగా చూడు. కొస గిల్లి నాలుక మీద పెట్టుకో. చేదుంటే పారెయ్యి."

మొదటి కాయే చేదు. బుచ్చన మొహం వంకర తిరిగింది. చెంగల్వ పకపకా నవ్వింది. ఆ నవ్వుకి చేదెక్కడికి పోయిందో అతనికే తెలియలేదు.

మర్నాడు బుచ్చన సభలో చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"ప్రభూ, పందిళ్లు పీకేముందు ఒక్కపూట నా చేతివంట ఆరగించండి. తమరు మెచ్చిన కాయను ఉండనివ్వండి, తోసేసిన కాయను పాదుతో సహా పీకించండి."

"బీరకాయ పెడతావా నాకు?"

"పెడతాను. తమ చూపుకు దొరక్కుండా పోతుందా?"

రాజు ఛాతీ ఉబ్బింది. "సరే. తోసేసింది పీకిస్తాం, మెచ్చింది ఉంచుతాం. మా మాటకు తిరుగులేదు."

అందరి ఎదుటా అరిటాకు వేశారు, పక్కనే పచ్చడి రోలు పెట్టారు. దొండకాయ వేపుడు, పొట్లకాయ పెరుగుపచ్చడి, అరటిపువ్వు వేసిన పప్పు, తియ్యగుమ్మడి పులుసు. రాజు మూతి ముడిచే మొదలుపెట్టాడు. రెండు ముద్దలయ్యాక మూతి సర్దుకుంది. అంతలో ఆకు మూల ఒక కూర కనపడింది. లేతాకుపచ్చ ముక్కలు, పాలు పోసి వండినవి.

"ఇదిగో దొంగ. పాలలో దాచావా? దీన్ని నాలుకకు తగిలించక్కర్లేదు" అంటూ చిటికెనవేలితో ఆకు అంచుకు తోసేశాడు.

తర్వాత రోట్లో నూరిన పచ్చడి నేతితో కలిపాడు. ఒక ముద్ద తిని కళ్లు మూసుకున్నాడు.

"ఇదేమిటయ్యా, నువ్వుల వాసనేస్తోంది. ఇంకొంచెం వెయ్యి."

వేశాడు. రాజు మళ్లీ అడిగాడు. రోలు ఖాళీ అయింది.

అప్పుడు బుచ్చన వంగి, "పీకే పని ఏ వంగతోటతో మొదలుపెట్టమంటారు ప్రభూ?" అన్నాడు.

"వంగతోటేమిటి?"

"తమరు తోసేసింది లేత పచ్చవంకాయ. చెక్కు తీసి, నల్లబడకుండా ఉప్పునీళ్లలో వేసి, పాలు పోసి వండాను."

రాజు గబుక్కున ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. మొహం పాలిపోయింది. అది వంకాయే.

"మరి ఆ పచ్చడి?"

"బీరకాయ చెక్కు."

"మరి లోపలి కండ ఏం చేశావు?"

"తమకు గిట్టదు కదా అని, వండుతూ వండుతూ నేనే తినేశాను."

సభలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. రాజు గొంతు తగ్గించాడు.

"బుచ్చనా, వంకాయ లేకుండా నేనెలా బతికేదయ్యా?"

"బీరపందిరి లేకుండా నేను బతికేటట్టే ప్రభూ."

నీకెందుకయ్యా పందిరి అనబోయి రాజు ఆగాడు. రోటి పక్కన ఒకమ్మాయి తల వంచుకుని నిలబడి ఉంది. జడలో పసుపుపచ్చ బీరపువ్వు. రాజుకు సంగతంతా అర్థమై, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆజ్ఞ వెనక్కి తీసుకున్నాడు. బుచ్చనకు తన చేతి కంకణం తొడిగి, ఏటి ఒడ్డు నేల చెంగల్వకు రాసిచ్చాడు.

పూలు విచ్చే వేళ ఆ పందిరి కిందే పెళ్లయింది. రాజూ వచ్చాడు. విస్తట్లో పాలు పోసిన కూర చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"అమ్మాయీ, ఇదేం కూర?"

"తిని చెప్పండి ప్రభూ" అంది చెంగల్వ.

ఆయన బుద్ధిగా తిన్నాడు. బీరకాయే. మారు అడిగాడు.