పరీక్షలో పారిన నది

కొండగుంటపల్లె హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే పరాంకుశం మాస్టారికి ఎంత ఓపికున్నా, పిల్లలు ప్రశ్న అడిగితే మాత్రం ఒళ్ళు మండిపోయేది.

ఆయన చెడ్డవాడేం కాదు. ఊరికే సెలవు పెట్టేవాడు కాదు, బెత్తం పట్టేవాడు కాదు. పదకొండేళ్ళుగా ఆ బళ్ళో ఇంగ్లీషు తప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ ఘనతంతా ఆయన బల్ల మీదుండే ఎర్ర అట్ట నోటుబుక్కుది. పరీక్షకు రాగల ప్రతి ప్రశ్నకూ అందులో జవాబుండేది. ఆయన ఒక వాక్యం చదివేవాడు. నలభై మూడు గొంతులు దాన్ని తిరిగి అనేవి. కంఠతా వచ్చిందా అని అడిగేవాడు తప్ప, అర్థమైందా అని ఎన్నడూ అడిగేవాడు కాదు.

"ప్రశ్న పేపర్లోంచి రావాలి, మీ నోట్లోంచి కాదు," అనేవాడు.

ఆ ఊళ్ళో నీళ్ళ కరువు. బోర్లున్నాయి గానీ ఆ నీళ్ళు తాగితే పళ్ళు పసుపెక్కి, మోకాళ్ళు పట్టేసేవి. తాగడానికి ట్యాంకరే దిక్కు. అదెప్పుడొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. అందుకని పొద్దున్నే వెళ్ళి వరసలో తలా ఒక రాయి పెట్టి వచ్చేవాళ్ళు. రాళ్ళన్నీ ఒకేలా ఉండేవి. "ఇది నా రాయి" అంటే "కాదు, నాది" అని రోజూ జుట్లు పట్టుకునేవాళ్ళు. ఆ గొడవ తీర్చింది ఎనిమిదో తరగతి చదివే ఓబుళమ్మ. రాయికి బదులు ఒంటి చెప్పు పెట్టమంది. ఎవరి చెప్పు వాళ్ళకు తెలుసు. జత లేని చెప్పును దొంగ కూడా ముట్టడు. అప్పటినుంచి ఊరంతా అదే పద్ధతి. ఒక చెప్పు వరసలో, రెండోది పుస్తకాల సంచిలో పెట్టుకుని, పిల్లలు వట్టి కాళ్ళతో బడికి వచ్చేవాళ్ళు.

ఊరి తగువు తీర్చిన ఆ పిల్ల ఇంగ్లీషు క్లాసులో మాత్రం నోరెత్తకూడదు. ఇదేం న్యాయమో మీరే చెప్పండి!

ఒకరోజు మాస్టారు 'మా ఊరు' వ్యాసం చెబుతున్నాడు. "మా ఊరి పక్కన అందమైన నది పారుతుంది. అది ఏడాది పొడుగునా నిండుగా ఉంటుంది" అని ఇంగ్లీషులో రెండు వాక్యాలు. నలభై మూడు గొంతులు తిరిగి అన్నాయి. ఓబుళమ్మ లేచి నిలబడింది.

"సార్, మనూళ్ళో నది ఎక్కడుంది?"

"పరీక్షలో ఉంది."

"మనూళ్ళో లేదు కదా సార్?"

"మార్కులు ఊళ్ళో వేస్తారా, పరీక్షలో వేస్తారా?"

"పరీక్షలోనే సార్."

"మరి నది కూడా అక్కడే ఉంటుంది. కూర్చో."

క్లాసంతా నవ్వింది. ఓబుళమ్మ కూర్చుంది. కానీ ఆ నది ఆమె బుర్రలో పారుతూనే ఉంది. అది ఎవరి ఊరి నది? ఎవరు రాశారు మొదట? వాళ్ళ ఊళ్ళోనైనా నిజంగా ఉందా?

కొన్నాళ్ళకు బడికి ఒక ఉత్తరం వచ్చింది. పల్లెల్లో తాగునీటి యంత్రాలు పెట్టించే ఒక విదేశీ సంస్థ రాసింది. చుట్టుపక్కల ఐదూళ్ళలో ఒక ఊరికి యంత్రం ఇస్తారట. పాడు నీళ్ళను అది మంచినీళ్ళు చేస్తుందట. షరతు ఒక్కటే. ఎనిమిదో తరగతి పిల్లలు తమ ఊరి గురించి ఇంగ్లీషులో సొంతంగా రాసి పంపాలి.

మాస్టారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "మా ఊరి గురించా! అది మనకు నిద్రలో లేపినా వస్తుంది కదర్రా!" అన్నాడు.

పిల్లలు తలలు వంచి రాశారు. ఓబుళమ్మ నది దగ్గర ఆగింది. కలం గాల్లో ఆడింది. పక్కనున్న చెన్నకేశవులు గుసగుసలాడాడు. వాడు క్లాసులో ఫస్టు.

"రాయవే. నది వదిలేస్తే రెండు మార్కులు కట్."

ఓబుళమ్మకు భయం వేసింది. ఆమె కూడా నది రాసేసింది.

మూడు వారాలకు జవాబొచ్చింది. సర్పంచి నారసింహులు ఊరందరినీ బడి ఆవరణలో కూర్చోబెట్టాడు. మాస్టారు ఉత్తరం విప్పి గడగడా చదవడం మొదలుపెట్టాడు. రెండో పేరాలో చదవడం ఆపేశాడు.

"మాకు ఇంగ్లీషు రాదు గదా, తెలుగులో చెప్పు మాస్టారూ," అన్నాడు సర్పంచి.

మాస్టారు నీళ్ళు నమిలాడు. "మన ఊరి పక్కన... ఏడాది పొడుగునా నిండుగా పారే నది ఉందని తెలిసి... వాళ్ళు సంతోషించారట."

"నదా?" సర్పంచి నోరు తెరిచాడు. "ఏ నది సామీ? మా తాత కూడా చూళ్ళేదే!"

"ఎక్కడుందో చెబితే బిందెలు తీసుకుని పోతాం మాస్టారూ!" అని వెనకనుంచి ఒక ముసలమ్మ అరిచింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఉత్తరంలో ఇంకా ఉంది. నది ఉన్న ఊరికి యంత్రం అక్కర్లేదన్నారు. కానీ ఒక అనుమానం కూడా రాశారు. నలభై మూడు మంది పిల్లలు ఒకే నదిని ఒకే మాటల్లో ఎలా చూశారు? అది తేల్చుకోవడానికి వచ్చే గురువారం ఇంగ్రిడ్ అనే ఆవిడ వస్తుంది. పిల్లలతోనే మాట్లాడుతుంది. పెద్దల మాట లెక్కలోకి రాదు. ఆ తర్వాతే నిర్ణయం.

ఆ సాయంత్రం ఓబుళమ్మ తల్లి బిందె తోముతూ, "ఈ యంత్రం రాకుంటే వచ్చే ఏడు నువ్వు బడి మానాల్సిందే తల్లీ. నా మోకాళ్ళు ఇంక లేవడంలేదు. బిందెలు ఎవరు మోస్తారు?" అంది. ఓబుళమ్మ తన చేతి వేళ్ళు చూసుకుంది. ఆ నది రాసింది ఆ వేళ్ళే.

మరి మాస్టారు ఏం చేశాడనుకున్నారు? బుద్ధి తెచ్చుకున్నాడా? లేదు! కొత్త జవాబు తయారు చేశాడు. "మా ఊళ్ళో నది లేదు" అని మొదలయ్యే పది వాక్యాలు. నాలుగు రోజులు పొద్దున, సాయంత్రం అదే వల్లె.

"సార్, ఆవిడ వేరే ఏదైనా అడిగితే?" అంది ఓబుళమ్మ.

"అడగదు."

"ఎందుకడగదు సార్?"

"ఎందుకంటే దానికి మన దగ్గర జవాబు లేదు. కూర్చో!"

గురువారం ఇంగ్రిడ్ వచ్చింది. జుట్టు నెరిసిన మనిషి, నవ్వు మొహం. వెంట ఉన్న కారు డ్రైవరుకు వచ్చిన ఇంగ్లీషల్లా లెఫ్టు, రైటు. ఆవిడకు తెలుగు ముక్క రాదు. ఆవిడ క్లాసులో ఒక బెంచీ మీద కూర్చుంది. మెల్లగా, విడివిడిగా ఇంగ్లీషులో మాట్లాడింది.

"నా సొంత భాష కూడా ఇది కాదు. నేనూ తప్పులు మాట్లాడతాను. భయం వద్దు. మీ ఊరి గురించి చెప్పండి."

చెన్నకేశవులు లేచాడు. ఊపిరి తీసుకోకుండా పది వాక్యాలూ అప్పజెప్పాడు. ఆవిడ చప్పట్లు కొట్టింది. తర్వాత తల పక్కకు వంచి అడిగింది.

"పోయిన నెల మీ ఊళ్ళో నది ఉంది. ఈ నెల లేదు. ఎక్కడికి పోయింది?"

చెన్నకేశవులు మాస్టారి వైపు చూశాడు. మాస్టారు నోటుబుక్కు వైపు చూశాడు. నోటుబుక్కు ఎవరి వైపూ చూడలేదు. చెన్నకేశవులు మళ్ళీ మొదటి వాక్యం అందుకున్నాడు. "మా ఊళ్ళో నది లేదు..."

ఆవిడ ఇంకో పిల్లను అడిగింది. అవే పది వాక్యాలు. మూడో వాణ్ణి అడిగింది. అవే. ఆవిడ నవ్వు సన్నగిల్లింది. చేతిలోని పుస్తకం మూసేసి లేచింది. కిటికీలోంచి చూస్తున్న సర్పంచి తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

అప్పుడు ఓబుళమ్మ లేచింది.

"మేడమ్, వన్ క్వశ్చన్!"

మాస్టారి చెయ్యి అలవాటు కొద్దీ పైకి లేచింది. కూర్చో అనబోయాడు. పదకొండేళ్ళుగా ఆ చేతికి తెలిసిన పని అదొక్కటే. కిటికీలో సర్పంచి మొహం కనబడింది. చెయ్యి గాల్లోనే ఆగి, మెల్లగా కిందికి దిగింది.

"అడుగమ్మా," అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం క్లాసుకు అదే మొదలు.

"యువర్ హౌస్, వాటర్... వేర్?" అంది ఓబుళమ్మ.

ఇంగ్రిడ్ ఆశ్చర్యపోయింది. ఎన్నో బళ్ళు తిరిగినా ఆవిణ్ణి తిరిగి ప్రశ్న అడిగిన పిల్లలు లేరు. వంటింట్లో కొళాయి ఉందని చేత్తో తిప్పి చూపించింది.

"మై హౌస్, నో ట్యాప్. ట్యాంకర్. ఐ సిట్టింగ్ క్లాస్. మై స్లిప్పర్ స్టాండింగ్!"

"నీ చెప్పు నిలబడిందా?" ఇంగ్రిడ్ కళ్ళు పెద్దవయ్యాయి.

ఓబుళమ్మ దగ్గర ఇంక మాటల్లేవు. మాటలు అయిపోతే ఏం చెయ్యాలో ఎర్ర నోటుబుక్కులో లేదు. సంచిలోంచి ఒంటి చెప్పు తీసి చూపించింది. తర్వాత రెండో చేతి వేలు బయటికి చూపిస్తూ, "కమ్ మేడమ్, సీ!" అంది.

అంతా బయటికి నడిచారు. వీధి మలుపులో నూట ఇరవై ఒంటి చెప్పులు బారు తీరి ఉన్నాయి. చిన్నవి, పెద్దవి, తెగి పిన్నీసు పెట్టినవి. పక్కన ఖాళీ బిందెలు. ఇంగ్రిడ్ ఆ వరస పొడుగునా నడిచింది. తిరిగి పిల్లల వట్టి కాళ్ళు చూసింది.

అంతే, పిల్లల నోళ్ళు తెరుచుకున్నాయి!

"దిస్ మై స్లిప్పర్ మేడమ్!"

"దిస్ మై గ్రాండ్‌మదర్! గ్రాండ్‌మదర్ నో వాకింగ్, స్లిప్పర్ వాకింగ్!"

"హీ థీఫ్ మేడమ్! మై స్లిప్పర్ బ్యాక్ పుట్టింగ్!" అని ఒకడు, తన చెప్పును వెనక్కి నెట్టాడంటూ చెన్నకేశవుల మీద చాడీ చెప్పాడు.

"నో మేడమ్, లై మేడమ్!" అన్నాడు చెన్నకేశవులు. జీవితంలో వాడు బట్టీ పట్టకుండా మాట్లాడిన మొదటి ఇంగ్లీషు అదే.

ఇంగ్రిడ్ పకపకా నవ్వింది. తర్వాత ఓబుళమ్మ ముందు వంగి అడిగింది. "మరి నది ఎందుకు రాశావు?"

ఓబుళమ్మ సిగ్గుతో తల దించుకుంది. "రివర్... ఎగ్జామ్ ఓన్లీ, మేడమ్."

అప్పుడు వెనకనుంచి మాస్టారి గొంతు వినబడింది. మెల్లగా, ఒక్కో మాటే వెతుక్కుంటూ ఇంగ్లీషులో అన్నాడు. "తప్పు పిల్లలది కాదు. ఆ నది నేను నేర్పాను. నేనూ నా మాస్టారి దగ్గర అదే నేర్చుకున్నాను. ఎవరైనా అడిగితే జవాబు తెలీదని చెప్పాల్సి వస్తుందేమోనని నాకు భయం."

ఆ వాక్యాలు ఏ నోటుబుక్కులోనూ లేవు. ఇంతలో ట్యాంకరు హారను మోగింది. పిల్లలందరూ ఎవరి చెప్పు దగ్గరికి వాళ్ళు పరుగెత్తారు. ఇంగ్రిడ్ పక్కకు తప్పుకుని, ఒక్కో బిందె ఎలా నిండుతుందో చివరిదాకా చూసింది. చివరి ముప్పై చెప్పుల వంతు రాకముందే ట్యాంకరు ఖాళీ అయింది.

రెండు నెలలకు కొండగుంటపల్లెకు నీటి యంత్రం వచ్చింది. ఓబుళమ్మ తొమ్మిదో తరగతిలో చేరింది. చెప్పులు రెండూ కాళ్ళకు వచ్చాయి.

ఎర్ర నోటుబుక్కు మాస్టారి బల్ల మీద ఇప్పటికీ ఉంది. కాకపోతే దాన్ని తిరగేసి, వెనక పేజీల్లో పిల్లల ప్రశ్నలు రాసుకుంటున్నాడు. హాజరు పిలిస్తే 'ఎస్ సార్' చాలదు. ప్రతి ఒక్కరూ ఇంగ్లీషులో ఒక ప్రశ్న అడగాలి, తప్పులున్నా సరే. మొన్న ఓబుళమ్మ వంతు వచ్చింది.

"సార్, ఆ వ్యాసంలో నది ఎవరి ఊరిది?"

మాస్టారు ఆ ప్రశ్నను నోటుబుక్కు వెనక పేజీలో రాసుకున్నాడు. పదకొండేళ్ళలో ఎన్నడూ అనని మాట అన్నాడు.

"నాకు తెలీదమ్మా. పద, కనుక్కుందాం."

అందుకే పిల్లలూ, ఇది మనసులో పెట్టుకోండి: ఏ భాషైనా అరువు జవాబుతో పరీక్ష దాటిస్తుందేమో గానీ దప్పిక తీర్చదు, సొంత కళ్ళతో చూసి, సొంతంగా ఆలోచించి, ధైర్యంగా అడిగినవాళ్ళకే అది పనికొస్తుంది.