మిగిలిన మూడు చింతపిక్కలు

"మాస్టారూ, ఈ వాచీ నిజం చెబుతోందో లేదో తెలుసుకోవడం ఎలాగండీ?" అని గౌరునాయుడు మాస్టారిని అడిగాను. నా చిన్నప్పుడు ఆయన బళ్ళో డ్రిల్లు నేర్పారు. రిటైరయ్యాక, నలభై దాటిన మా బొజ్జల్ని పొద్దున్నే విజయనగరంలో పరిగెత్తిస్తున్నారు. అందరిలోకీ పెద్ద బొజ్జ నాది. అందుకే వాచీ కూడా అందరికన్నా పెద్దది కొన్నాను.

నా ప్రశ్నకు కారణముంది. భీమిలి పరుగుకి వెళ్ళే మా జట్టులో ఒక్క చోటే మిగిలింది. గంటలోపు పది కిలోమీటర్లు పరిగెత్తినవాడికే అది. ఉపగ్రహాలను అడిగి దూరం చెప్పే నా వాచీ, బైపాస్ రోడ్డు మీద నేనా పని చేశానంది. పక్కనే పరిగెత్తిన చిన్నంనాయుడి ఫోను మాత్రం తొమ్మిదిన్నరే అంది.

మాస్టారు వాదించే మనిషి కాదు. చింతపిక్కలు లెక్కపెట్టి నా చేతిలో పోశారు.

"ఇరవై అయిదున్నాయి. గ్రౌండు చుట్టు నాలుగు వందల మీటర్లు. చుట్టుకొకటి పారేయ్. పిక్కలయ్యేసరికి నీ వాచీ పది చూపించాల."

అలా అని మెట్ల మీద కూర్చుని, మొహానికి పేపరు అడ్డం పెట్టుకున్నారు.

ఎండ చురుక్కుమంటోంది. వేపచెట్ల నీడ పడుతోందని అన్నిటికన్నా బయటి గీత పట్టుకుని ఆయాసపడుతూ పరిగెత్తాను. యాభై తొమ్మిదో నిమిషంలో వాచీ మణికట్టు మీద గిలగిల్లాడింది. పది కిలోమీటర్లు! గుప్పిట విప్పితే ఇంకా మూడు పిక్కలున్నాయి.

భీమిలి సముద్రం కళ్ళ ముందే వెనక్కి పోతున్నట్టనిపించింది. మెట్లవైపు చూశాను. పేపరు కదల్లేదు. ముక్కు తుడుచుకుంటున్నట్టు నటిస్తూ మూడింటినీ గడ్డిలోకి జార్చేశాను.

"అయిపోయాయండీ, ఇరవై అయిదూ! వాచీ అక్షరాలా నిజం!"

పేపరు కిందికి దిగింది. మాస్టారి ఒళ్ళో మూడు చింతపిక్కలున్నాయి. నేను పరిగెత్తినంతసేపూ ఆయనా ఇంకో ఇరవై అయిదు పెట్టుకుని, చుట్టుకొకటి పారేస్తూనే కూర్చున్నారు. నాకు అప్పటిదాకా పట్టిన చెమట వేరు, అప్పుడు పట్టింది వేరు.

"ఏ గీత మీద పరిగెత్తేవురా?"

"బయటిది... నీడగా ఉందని."

"నాలుగు వందలు లోపలి గీతకిరా. నీ గీత మీద చుట్టుకి నాలుగు వందల యాభై దాటిపోద్ది. ఇరవై రెండు చుట్లకి ఎంతయింది?"

కలెక్టరాఫీసులో లెక్కలు రాసే నేను వేళ్ళు మడిచి చూసుకున్నాను. పది కిలోమీటర్లే!

ఆయన జేబులోంచి జట్టు కాయితం తీసి ఆఖర్న నా పేరు రాశారు. ఎగిరి గంతేద్దామనే ఉంది గాని, తల పైకి లేస్తేగా! టీ కొట్టుకేసి నడుస్తూ ఆయన నా భుజం మీద చెయ్యేశారు.

"వాచీ అబద్ధమాడలేదురా. దాని తరఫున నువ్వెందుకు ఆడేవు?"