బుడుంగు కోసం వెనక్కి తిరిగిన ఓడ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పులి ఉంది, ఏనుగులున్నాయి, కానీ ఈ కథ వాటిది కాదు. అక్కడ ఒక సన్నటి వాగు, వాగు పక్కన ఒక నల్లటి బండ, ఆ బండ మీద సాయంత్రాలు పుస్తకం చదివే ఒక ముసలి తాబేలు. కథ ఆ తాబేలుది. పేరు డిప్పమ్మ.

వాగు ఒడ్డున ఉండేవాళ్ళలో అక్షరం ముక్క వచ్చింది డిప్పమ్మ ఒక్కదానికే. ఎలుగుబంటికి బలం ఉంది, కుందేలుకి కాళ్ళున్నాయి, డిప్పమ్మకి చదువుంది. ఎవరికి ఏది ఉంటే దానితోనే చాకిరీ తప్పదు కదా. పొద్దు వాలేసరికి అందరూ బండ దగ్గర చేరేవారు. డిప్పమ్మ మెడ చాచి చదివేది. ఏళ్ళ తరబడి అదే పని. మెడ నొప్పిగా ఉందంటే, ఉన్నదే జానెడు మెడ, దానికి నొప్పేమిటని నవ్వేవారు.

ఆ అడవిలో పుస్తకాలంటే టేకాకులే. ఆకుల మీద తుమ్మముల్లుతో రాసి, విస్తళ్ళు కుట్టినట్టు ఈనెపుల్లలతో కుట్టేవారు. ఎన్ని పుస్తకాలున్నా అందరికీ ప్రాణం మాత్రం 'చుక్కల ఓడ' కథలే. ఒక ముసలి కొక్కెర రాసిన కథలవి. ఆ ఓడ నీళ్ళలో తిరగదు, ఆకాశంలో ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి వెళ్తుంది. దాని కెప్టెన్ మెరుపు అనే దుప్పి. కెప్టెన్ వెనకాలే ఎప్పుడూ ఒక చిన్న చుంచెలుక, పేరు బుడుంగు. వాగు ఒడ్డున పిల్లలంతా ఆకుదొన్నెలు నెత్తిన బోర్లించుకుని కెప్టెన్ మెరుపు ఆట ఆడేవారు. బుడుంగుగా ఉండమంటే ఒకప్పుడు ఎవరూ ఒప్పుకునేవారు కాదు. చివరి పుస్తకం వచ్చాక అందరూ బుడుంగే అవుతామన్నారు.

ఎందుకంటే ఆ చివరి పుస్తకంలో ఓడ ఎర్రచుక్క మీద దిగుతుంది. పెద్ద గాలిదుమారం లేస్తుంది. ఓడ ఒరిగిపోకుండా పైకి లేవాలంటే ఎవరో ఒకరు కింద నిలబడి తాడు పట్టుకోవాలి. బుడుంగు పట్టుకుంటాడు. ఓడ లేస్తుంది, బుడుంగు కిందే ఉండిపోతాడు. మళ్ళీ వస్తామని కెప్టెన్ పైనుంచి అరుస్తాడు. అక్కడితో పుస్తకం అయిపోయింది. తర్వాతిది రాయకుండానే కొక్కెర కన్నుమూశాడు.

అందరూ అయ్యో అనుకుని, కొన్నాళ్ళకి ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. మరిచిపోనిది నాగలచ్చి ఒక్కతే. నాగలచ్చి ముంగిస. ముంగిసకి ఆ పేరేమిటని అడగకండి, వాళ్ళ నాన్నకి వేళాకోళం ఎక్కువ. అంతకు ముందు వానాకాలం వాగు పొంగినప్పుడు నాగలచ్చి తమ్ముడు అవతలి గట్టున నిలబడి, తీగ పట్టుకుని, పిల్లలందరినీ ఇవతలికి దాటించాడు. అందరూ దాటారు. అతను మాత్రం మళ్ళీ కనబడలేదు. ఆ రోజు వెనక్కి వెళ్ళి చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అప్పుడప్పుడూ నాగలచ్చి ఒంటరిగా వచ్చి బండ పక్కన కూర్చునేది.

"పెద్దమ్మా, ఓడ వెనక్కి వెళ్తుందంటావా?" అని అడిగేది.

"రాసేవాడే పోయాడు కదమ్మా" అనేది డిప్పమ్మ.

"ఎలుక బతికాడా లేదా అని కాదు పెద్దమ్మా. అట్లా వెనక వదిలేసినవాడి కోసం ఎవరైనా వెనక్కి తిరుగుతారా అని."

 డిప్పమ్మ మెడ లోపలికి తీసుకునేది.

ఇలా ఉండగా ఒకనాడు కాకి వచ్చింది. ఆ కాకి కొండ కింద ఉండే నక్క జిత్తయ్య దగ్గర పని చేస్తుంది. కొక్కెర పోయాక చుక్కల ఓడ ఇక తనదేనని జిత్తయ్య చాటించుకున్నాడు. ఎలా అయిందని అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది. అతనికి రాయడం రాదు కాబట్టి చిలకల్ని కూర్చోబెట్టి కొత్త పుస్తకాలు రాయిస్తున్నాడు. కాకి తెచ్చిన పుస్తకం పేరు 'బుడుంగు వచ్చేశాడు'.

పేరు వినగానే వాగు ఒడ్డంతా కదిలింది. పుస్తకం కావాలంటే బదులుగా తిండి ఇవ్వాలి. ఎలుగుబంటి తేనెపట్టు తెచ్చింది. కుందేలు తునికిపళ్ళు తెచ్చింది. నాగలచ్చి ఎన్నాళ్ళుగానో దాచుకున్న గుడ్డు తెచ్చి కాకి ముందు పెట్టింది.

మొదటి సాయంత్రం డిప్పమ్మ చదవడం మొదలుపెట్టింది. ఓడ ఎంత గొప్పదో ఉంది. ఓడకి ఎన్ని తెరచాపలో, ఏ తెరచాప ఏ రంగో ఉంది. పాత పుస్తకాల్లో ఎవరెవరు ఏమేం చేశారో వరసగా ఉంది. కథ మాత్రం రేవు దాటలేదు. మొదట్లో అలాగే ఉంటుందిలే అని కుందేలు అందరికీ సర్దిచెప్పింది.

రెండో సాయంత్రం నల్లచుక్క గబ్బిలాలతో యుద్ధం వచ్చింది. ఆ యుద్ధం కొక్కెర రాసిన రెండో పుస్తకంలో వచ్చిందే. కెప్టెన్ అప్పుడన్న మాటలే ఇప్పుడూ అన్నాడు. పిల్లలు ఆ మాటలు డిప్పమ్మ కంటే ముందే చెప్పేశారు. ఎలుగుబంటి గుర్రు పెట్టింది. నాగలచ్చి మాత్రం ఆవులించలేదు. రేపు వస్తాడు, పేరులోనే ఉంది కదా అంది.

మూడో రోజు మధ్యాహ్నం డిప్పమ్మ ఎవరూ లేనప్పుడు మిగిలిన ఆకులు తిరగేసింది. ఎన్నడూ అలా ముందుగా చదివేది కాదు. ఆ రోజు ఎందుకో భయం వేసింది. చదివాక ఆ భయం నిజమే అయింది. కెప్టెన్ నిద్రపోతాడు. కలలో బుడుంగు వచ్చి చెయ్యి ఊపుతాడు. కెప్టెన్ లేచి, నిట్టూర్చి, ఓడని తీసుకెళ్ళి బయల్దేరిన రేవులోనే కట్టేస్తాడు. అంతే, పుస్తకం సమాప్తం.

డిప్పమ్మకి కోపం కూడా రాలేదు. ఒళ్ళంతా నీరసం కమ్మింది. ఇన్నేళ్ళు చదివింది ఇందుకా అనిపించింది. ఈ ఆకులు కుట్టినవాళ్ళు బుడుంగు గురించి ఒక్క క్షణమైనా ఆలోచించి ఉండరు.

సాయంత్రమైంది. నాగలచ్చి అందరికంటే ముందు వచ్చి ఎదురుగా కూర్చుంది. ఉన్నది ఉన్నట్టు చదవాలి, చదివేవాళ్ళ ధర్మం అదే. డిప్పమ్మకి ఆ సంగతి తెలుసు. కానీ ఎదురుగా ఉన్న ఆ మొహం చూస్తే నోరు రాలేదు. ఆకు మీద చూపు ఆనించి, ఆకులో లేనిది చెప్పడం మొదలుపెట్టింది.

కెప్టెన్ మెరుపుకి నిద్ర పట్టలేదని చెప్పింది. లేచి వెళ్ళి చుక్కాని పట్టుకున్నాడని చెప్పింది. ఎక్కడికని ఓడలోవాళ్ళు అడిగారట. కెప్టెన్ ఒక్కటే మాటన్నాడట, 'వెనక్కి' అని. దారిలో తిండి అయిపోయింది, తెరచాపలు చిరిగాయి, అయినా ఓడ ఎర్రచుక్కకి చేరింది. బుడుంగు అక్కడే ఉన్నాడు. తాడు ఇంకా చేతిలోనే ఉంది. వదిలితే మీకు చోటు తెలీదేమోనని పట్టుకునే ఉన్నాను అన్నాడు.

ఎలుగుబంటి భోరున ఏడ్చింది. పిల్లలు దొన్నెలు ఎగరేశారు. నాగలచ్చి ఏడవలేదు. కొండ కిందికి తిరిగి, జిత్తయ్య ఉండే దిక్కుకి రెండు చేతులెత్తి దణ్ణం పెట్టింది. డిప్పమ్మ అది చూసింది. చూసి కూడా ఏమీ అనలేదు.

దయ తలిచి చెప్పిన అబద్ధం ఒక్కటే కదా అనుకుంది డిప్పమ్మ. అబద్ధాలు ఎప్పుడైనా ఒంటరిగా వచ్చాయా? నెల తిరిగేసరికి కాకి ఇంకో పుస్తకంతో దిగింది. దాని పేరు 'బుడుంగు పెళ్ళి'.

మిగతా చోట్ల మొదటి పుస్తకాన్ని ఎవరూ మెచ్చలేదట. కొందరు ఆకులు విప్పి అన్నాలు కూడా తిన్నారట. జిత్తయ్య ఇక ఆపేద్దామనుకున్నాడట. వాగు ఒడ్డున అందరూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారని విని, చిలకల్ని మళ్ళీ కూర్చోబెట్టాడట. కాకి ఇదంతా సంబరంగా చెప్పింది.

"మరి చిలకలకి ఏం రాయమని చెప్తాడు?" అని అడిగింది డిప్పమ్మ.

"మూడే మాటలు పెద్దమ్మా. ఎవరూ చావకూడదు, ఎవరూ మారకూడదు, ఓడ బయల్దేరిన రేవుకే రావాలి. మిగతాదంతా వాళ్ళిష్టం."

"ఇంకేం మిగిలింది?" అంది డిప్పమ్మ. కాకికి అర్థం కాలేదు.

రెండో పుస్తకంలో బుడుంగూ లేడు, పెళ్ళీ లేదు. తెరచాపలున్నాయి, గబ్బిలాలున్నాయి. డిప్పమ్మ మళ్ళీ లేనిది చెప్పక తప్పలేదు. మూడోది 'బుడుంగు చిన్నతనం'. దానిలోనూ అంతే. పైగా తను కిందటిసారి ఏం చెప్పిందో గుర్తుపెట్టుకోవాలి. పెళ్ళికూతురి పేరు మరిచిపోతే పిల్లలు పట్టేస్తారు. పగలంతా కథ అల్లడం, సాయంత్రం ఆకులోంచి చదువుతున్నట్టు నటించడం. వాగు ఒడ్డువాళ్ళు వానాకాలానికి దాచుకున్న తిండి కూడా పుస్తకాల కింద పోతోంది. పొగడ్తలు జిత్తయ్యకి, మెడనొప్పి డిప్పమ్మకి. ఆపేద్దామని రోజూ అనుకునేది. రేపు చెప్తాలే అని రోజూ పడుకునేది.

ఆ రోజుల్లోనే నాగలచ్చి కొండ అవతల ఉన్న మేనత్త ఇంటికి వెళ్ళింది. అక్కడ పుస్తకాలు చదివేది ఒక పునుగుపిల్లి. మాటల్లో 'బుడుంగు వచ్చేశాడు' సంగతి వచ్చింది. నాగలచ్చి ఆ పుస్తకాన్ని తెగ మెచ్చుకుంది. అక్కడివాళ్ళు నవ్వారు. పునుగుపిల్లి లోపలికెళ్ళి ఆ పుస్తకమే తెచ్చి, చివరి ఆకు చదివి వినిపించింది. కల, నిట్టూర్పు, రేవు.

నాగలచ్చి ఎన్ని రోజులకి వస్తానని చెప్పి వెళ్ళిందో, అంతకంటే ముందే తిరిగొచ్చింది. ఇంటికి వెళ్ళకుండా నేరుగా బండ దగ్గరికి వచ్చింది. డిప్పమ్మ ఒక్కతే ఎండ కాచుకుంటోంది.

"పెద్దమ్మా, చదవడం రాకపోతే మానెయ్యమని ఆ పునుగుపిల్లిని నలుగురిలో తిట్టాను" అంది నాగలచ్చి. "నువ్వే నిజమని దానితో పోట్లాడాను. ఇప్పుడు చెప్పు. బుడుంగు వచ్చాడా, రాలేదా?"

డిప్పమ్మ మెడ లోపలికి తీసుకోబోయింది. ఎందుకో సిగ్గేసి, బయటే ఉంచింది.

"రాలేదమ్మా. పుస్తకంలో ఓడ వెనక్కి వెళ్ళలేదు."

"మరి వెళ్ళిందన్నావు."

"నేనే తిప్పాను. నీ మొహం చూసి చదవలేకపోయాను."

 నాగలచ్చి వాగు అవతలి గట్టు వైపు చూస్తూ కూర్చుంది.

"అంటే ఎవరో ఒకరు తిప్పారన్నమాట" అంది చివరికి. "పెద్దమ్మా, ఆ మాట ఆరోజే చెప్పి ఉంటే నీకే దణ్ణం పెట్టేదాన్ని కదా. నక్కకి పెట్టించావు. నా తమ్ముడి పేరు తలుచుకుని నక్కకి పెట్టాను."

ఆ మాట డిప్పమ్మ డిప్పలోపలికి దిగింది.  నాగలచ్చి లేచి వెళ్ళిపోయింది. తర్వాత చాలా సాయంత్రాలు బండ దగ్గరికి రాలేదు.

నాలుగో పుస్తకం రానే వచ్చింది. దాని పేరు నాకూ గుర్తులేదు, అడవిలో ఎవరికీ గుర్తులేదు. డిప్పమ్మ చదివే ముందే అందరికీ జరిగింది చెప్పేసింది. ఇన్నాళ్ళూ మీరు విన్నది నేను అల్లింది, ఈ రోజు ఆకుల్లో ఉన్నది చదువుతాను, ఎలా ఉందో మీరే తేల్చుకోండి అంది. అన్నట్టే చదివింది. ఒక్క అక్షరం కలపలేదు, ఒక్క అక్షరం దాటెయ్యలేదు. తెరచాపల దగ్గర కుందేలు వెళ్ళిపోయింది. గబ్బిలాల దగ్గర పిల్లలు వెళ్ళిపోయారు. రేవు వచ్చేసరికి బండ దగ్గర నిద్రపోతున్న ఎలుగుబంటి తప్ప ఎవరూ లేరు.

ఆ తర్వాత కాకి వచ్చి అరిచినా ఎవరూ తేనెపట్టు తేలేదు. రెండుసార్లు చూసి కాకి కూడా రావడం మానేసింది. వాగు ఒడ్డున మెచ్చుకునేవాళ్ళు లేకపోయేసరికి జిత్తయ్య చిలకల్ని పంపించేశాడట.

బండ కొన్నాళ్ళు ఖాళీగా ఉంది. డిప్పమ్మకి విశ్రాంతి దొరికింది, కానీ మనసుకి దొరకలేదు. ఒక సాయంత్రం కళ్ళు తెరిచేసరికి అందరూ మళ్ళీ బండ దగ్గర చేరి ఉన్నారు. అందరికంటే వెనకాల, దూరంగా నాగలచ్చి కూర్చుని ఉంది. ముందుకి రమ్మంటే రాలేదు.

"ఓడ వెనక్కి తిరిగింది కదా, ఆ కథ చెప్పు" అంది. "ఎవరిదో ముందు చెప్పి, అప్పుడు చెప్పు."

డిప్పమ్మకి అలసట ఇంకా తీరలేదు. మెడ నొప్పిగా ఉంది. అయినా మెడ చాచింది. ఈసారి ముందు ఏ ఆకూ పెట్టుకోలేదు.

"ఇది కొక్కెర తాత రాసింది కాదు, జిత్తయ్య రాయించిందీ కాదు" అంది. "వాగు ఒడ్డున డిప్పమ్మ అనే తాబేలు చెప్తున్న కథ. బాగోకపోతే నన్నే తిట్టండి. కెప్టెన్ మెరుపుకి ఆ పూట నిద్ర పట్టలేదు. లేచి వెళ్ళి చుక్కాని పట్టుకున్నాడు. ఎక్కడికని అందరూ అడిగారు."

వెనక నుంచి నాగలచ్చి మెల్లగా అంది, "వెనక్కి."

నీతి: ఇతరుల నాసిరకం పనిని జాలిపడి కప్పిపుచ్చితే పేరు వాళ్ళకి, చాకిరీ మనకి, నష్టం నమ్మినవాళ్ళకి. చెప్పేది మంచిదైతే మన పేరుతోనే చెప్పాలి.