గిన్నె మునిగే వేళ

ఒకానొకప్పుడు మందపాడు అనే రాజ్యముండేది. రాజ్యం చిన్నదే కానీ, దాన్నేలే విజయకేతు మహారాజు బిరుదులు చదవడానికి మాత్రం ఒక పూట పట్టేది.

ఆ కోటలో గంట కొట్టేవాడు చెంగప్ప. అడుగున సన్నని రంధ్రమున్న రాగి గిన్నెను నీళ్ళ తొట్టిలో తేల్చడం, అది మునగగానే ఘడియ అయిందని జేగంట కొట్టడం అతని పని. ఆ దెబ్బ వింటేనే కోట తలుపులు తెరిచేవారు, కొలువు తీర్చేవారు. ముప్పై రెండేళ్ళలో ఒక్క ఘడియ తప్పలేదు. గిన్నెను చింతపండుతో ఎవరినీ తోమనిచ్చేవాడు కాడు. రంధ్రం అరిగితే కాలం పరుగెడుతుందనేవాడు. ఆ పనంటే అతనికి ప్రాణం, అంతకు మించి గర్వం.

ఒకనాడు మహారాజుకు ఒక ఆలోచన తట్టింది. తట్టిందంటే చాలు, అది శాసనమైపోయేది. ఒకే పనిలో పదేళ్ళు దాటినవాడు పైమెట్టు ఎక్కాలి, లేదా కోట విడిచిపోవాలి! మంత్రి భైరవామాత్యుడు అలవాటుగా "అద్భుతం ప్రభూ!" అన్నాడు. చెంగప్పను కోటపాలకుణ్ణి చేశారు.

ఆ కబురు చెంగప్ప చెవిన పడింది. తన గిన్నెను ఇంకొకరి చేతిలో ఊహించుకోలేకపోయాడు. మర్నాడు కొలువు గంట కొట్టి, గిన్నెను మళ్ళీ తేల్చి, తిన్నగా సభకు వెళ్ళాడు.

"మహాప్రభూ, తమ దయ. కానీ కోటపాలకుడి ఆసనంలో పన్నెండేళ్ళుగా ఇంకొకరు ఉన్నారు. నేనెక్కడ కూర్చోను?"

"అతను సేనాపతి అవుతాడు."

"సేనాపతిగారికీ పదిహేనేళ్ళయింది కదా ప్రభూ."

"అతను మంత్రి అవుతాడు!"

భైరవామాత్యుడి ముఖం పాలిపోయింది.

"మంత్రిగారికి ఇరవై ఏళ్ళు. ఆయనకు పైమెట్టంటే..." చెంగప్ప సింహాసనం వైపు చూసి చేతులు కట్టుకున్నాడు. "తమరు పట్టాభిషిక్తులై ఇరవై నాలుగేళ్ళు. ఇక తమరికి పైమెట్టు స్వర్గమొక్కటే. ప్రభువుల ప్రయాణానికి ముహూర్తం సెలవిస్తే, ఆ ఘడియకు గంట నేనే కొట్టి, అప్పుడు గిన్నె అప్పగిస్తాను."

"ధిక్కారం!" అని అరిచాడు మంత్రి.

"నువ్వుండవయ్యా! నీ ఆసనమూ పోయేదేగా," అన్నాడు మహారాజు మీసం దువ్వుకుంటూ. "ఏం చెంగప్పా, నీకు ఎదగాలని లేదా?"

"ఎదిగాను ప్రభూ. మొదట్లో గిన్నె చూసి గంట కొట్టేవాణ్ణి. ఇప్పుడు చూడకపోయినా తెలుస్తుంది. నా గంట మోగందే తమ కొలువు కూడా మొదలవదు. ఇంతకన్నా పెద్ద పదవి ఈ కోటలో ఏముంది?"

మహారాజు పకపకా నవ్వాడు. "శాసనం రద్దు! నీ గిన్నె నీదే!" అంటూ ముంజేతి బంగారు కంకణం తీసి అందించబోయాడు.

చెంగప్ప ఉలిక్కిపడ్డాడు. "మన్నించాలి ప్రభూ, గిన్నె మునుగుతోంది!" అంటూ వెనుదిరిగి పరుగెత్తాడు.

రాజు చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. అంతలో జేగంట ఖంగుమంది.

మహారాజు మళ్ళీ నవ్వాడు. ఈసారి కంకణం పట్టుకుని, సింహాసనం మెట్లు దిగి, తనే గంట దగ్గరికి నడిచి వెళ్ళాడు.