పైడిరాజు మూడు కొటేషన్లు

చేతిలో పన్నెండు వేల రూపాయలు, అద్దెకు తెచ్చిన రెండు గుండిగలతో విజయనగరంలో భోజనాల కాంట్రాక్టు మొదలుపెట్టిన పైడిరాజుకు లెక్కల్లో ఎంత చురుకుదనమో, తనకు నచ్చని లెక్కను పక్కకు నెట్టేయడంలోనూ అంతే చురుకుదనం ఉండేది.

పెళ్లికి ఎంతమంది వస్తారో చెబితే చాలు, బియ్యం ఎన్ని కిలోలు, పప్పు ఎంత, విస్తళ్లు ఎన్ని అన్నది వేళ్లు మడవకుండా చెప్పేసేవాడు. సరుకులు కొనడంలో అతనికో పద్ధతి ఉండేది. ఏది కావాలన్నా మూడు షాపుల్లో ధర అడిగేవాడు. అందరికన్నా తక్కువ చెప్పినవాడికే ఆర్డరు. ఆ పద్ధతి మీదే ముప్ఫై రెండేళ్లు వచ్చేసరికి సొంత పాత్రలు, ఒక వ్యాను, పదిమంది పనివాళ్లు అమరారు. రుచి చూసే పని మాత్రం ఎవరికీ వదిలేవాడు కాదు. గరిటెతో తీసి అరచేతిలో వేసుకుని నాకి, "ఇంకో గుప్పెడు ఉప్పు పడాలి" అనేవాడు. ఇంట్లో కంచం ముందు కూర్చుంటే ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడం మూడూ ఉండాల్సిందే.

ఒకసారి డాక్టర్ సుభాషిణి గారి కొత్త ఆసుపత్రి ప్రారంభానికి అతనే భోజనాలు పెట్టాడు. పంక్తులన్నీ లేచాక ఆవిడ వంటవాళ్లను కూడా కూర్చోబెట్టి బీపీ చూశారు. పైడిరాజుకు ఒకసారి చూసి, కాసేపాగి మళ్లీ చూశారు.

"నూట అరవై ఎనిమిది, నూట నాలుగు. రెండంకెలూ ఎక్కువే ఉన్నాయి బాబూ."

"పొద్దుటి నుంచీ పొయ్యి దగ్గరున్నానండి. ఆ వేడికి ఎక్కుంటాది."

"కావచ్చు. అందుకే ఈ ఒక్క రోజు చూసి మందు రాయను. ఈ వారంలో రెండు రోజులు పొద్దున్నే రండి. అప్పుడూ ఇలాగే ఉంటే మందు మొదలుపెడదాం."

"నాకు తలనొప్పైనా లేదు కదండీ."

"దాంతోనే చిక్కు. ఇది నొప్పి పెట్టదు, జ్వరం తేదు. చప్పుడు చేయకుండా రక్తనాళాలను నొక్కుతూ పోతుంది. మనకు తెలిసేసరికి గుండెకో, మెదడుకో, మూత్రపిండాలకో దెబ్బ తగిలి ఉంటుంది."

పైడిరాజు తలూపి వచ్చేశాడు. కానీ ఆ అంకె అతనికి నచ్చలేదు. వెంటనే తన పద్ధతి గుర్తొచ్చింది. మందుల షాపులో చూపించుకుంటే నూట అరవై రెండు వచ్చింది. వీధి చివర ఉండే కాంపౌండరు దగ్గర నూట డెబ్బై. మూడోది మామగారింట్లో ఉన్న పాత మిషను. అందులో నూట ఇరవై ఆరు వచ్చింది.

"ఇదే ఖాయం!" అన్నాడు పైడిరాజు.

అతని భార్య దమయంతి నవ్వింది. ఆమె అతని మేనమామ కూతురే. "మా నాన్న మిషను సంగతి నాకు తెలుసు బావా. దానికి బ్యాటరీ మార్చి ఎన్నేళ్లయిందో! నాన్నకీ, అమ్మకీ, పందిరి గుంజకీ కూడా అది నూట ఇరవై ఆరే చూపిస్తాది."

"మూడింట్లో తక్కువది తీసుకోవడం నా పద్ధతి. ఇక ఆ మాటెత్తకు."

ఆసుపత్రి వైపు మళ్లీ వెళ్లలేదు.

కొన్నాళ్లకు అతను కలలో కూడా అనుకోని అవకాశం వచ్చింది. ఊరి బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టలు మెస్సుకు కాంట్రాక్టరు కావాలన్నారు. ఆరువందల మంది పిల్లలు, ఏడాది పొడవునా పని. ముందు ఒక పూట వండి పెట్టాలి, పిల్లలు మెచ్చితే కాంట్రాక్టు ఇస్తామన్నారు వార్డెన్ జోగారావు గారు. అది చేతికొస్తే పనివాళ్లకు పెళ్లిళ్లు లేని నెలల్లో కూడా జీతాలు ఇవ్వొచ్చని పైడిరాజు ఆశ.

ఆ రోజు తెల్లవారకముందే పొయ్యిలు వెలిగాయి. పైడిరాజు సాంబారు నాలుక మీద వేసుకున్నాడు. "చప్పగా ఉంది. ఇంకో గుప్పెడు."

వడ్డన చూసుకోవడానికి వచ్చిన దమయంతి, "ఇందాకే రెండుసార్లు వేయించావు" అంది.

"నా నాలుక కన్నా నీకు బాగా తెలుసా?"

మూడో గుప్పెడు పడింది. అతను మళ్లీ గరిటె ముంచబోయాడు. ఎదురుగా ఒక్క గుండిగ ఉండాల్సిన చోట రెండు కనిపించాయి. గరిటె జారిపోయింది. గోడ పట్టుకుని అలాగే కూలబడ్డాడు. దమయంతి వంట సంగతి పనివాళ్లకు అప్పగించి, అతన్ని వ్యానులో వేయించుకుని సుభాషిణి గారి దగ్గరకు పరుగెత్తింది.

పై అంకె దాదాపు రెండు వందలు ఉంది. డాక్టరు గారు అతన్ని మంచం మీద పడుకోబెట్టి, మందు ఇచ్చి, ఈసీజీ తీయించి, కళ్లూ రక్తమూ పరీక్ష చేయించారు. సాయంత్రానికి అంకె దిగింది.

"అదృష్టవంతులు. ఇంకా దేనికీ దెబ్బ తగల్లేదు" అన్నారు. "మళ్లీ రమ్మన్నాను. ఎందుకు రాలేదు?"

మూడు కొటేషన్ల సంగతి దమయంతి చెప్పేసింది. డాక్టరు గారు నవ్వు ఆపుకోలేకపోయారు.

"కందిపప్పు ధర మూడు చోట్ల అడగండి, తప్పు లేదు. కానీ బీపీ ధర కాదు, తూకం. ఒకే బస్తాను మూడు కాటాల మీద తూచి, తక్కువ చూపించిన కాటాయే మంచిదని ఎవరైనా అంటే మీరేం చేస్తారు?"

"షాపులోంచి గెంటేస్తానండి" అన్నాడు పైడిరాజు. అన్నాక తన మాట తనకే తగిలి, సిగ్గుపడి నవ్వాడు.

అంతలో వార్డెన్ ఫోన్ చేశారు. "ఒంట్లో ఎలా ఉందయ్యా? కూర, పెరుగు బాగున్నాయి. సాంబారు మాత్రం ఒక్కరూ తినలేకపోయారు. మంచినీళ్ల డ్రమ్ములు ఖాళీ అయిపోయాయి. ముందు కోలుకో. వచ్చే నెల ఇంకో పూట వండి చూపించు. అదే ఆఖరు."

ఆ నెల పైడిరాజు బుద్ధిగా గడిపాడు. రోజూ ఒక మాత్ర. పొద్దున్నే కోట చుట్టూ నడక. రోజు మొత్తానికి, పచ్చడితో కలిపి, చెంచాడు లోపే ఉప్పు. మంచి మిషను కొన్నాడు. టీ తాగకుండా, కుర్చీలో వీపు ఆనించి, చేయి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని చూసుకునేవాడు. వీటన్నిటిలో మాట్లాడకుండా ఉండటమే అతనికి కష్టంగా ఉండేది.

మొదట్లో కంచం ముందు మూతి ముడిచేవాడు. "గడ్డి తిన్నట్టుంది దమయంతీ."

"ఆవులు హాయిగానే ఉన్నాయి కదా బావా, తిను" అనేది ఆమె. అంటూనే నిమ్మరసం పిండేది, మిరియాలు, జీలకర్ర నూరి వేసేది.

మూడు వారాలయ్యేసరికి నూట ముప్ఫై, ఎనభై రెండు వచ్చింది. పైడిరాజు ఎగిరి గంతేశాడు. "తగ్గిపోయింది. రేపటి నుంచి మాత్ర మానేస్తాను!"

"పాలు పొంగుతుంటే మంట తగ్గించావు. పొంగు అణిగింది. అణిగింది కదా అని మళ్లీ మంట పెంచుతావా?" అని అడిగింది దమయంతి.

పైడిరాజు నోరు తెరిచాడు. ఆ తెరిచిన నోట్లోనే మాత్ర వేసుకుని నీళ్లు తాగాడు.

రెండో పరీక్ష రోజు వచ్చింది. సాంబారు నాలుక మీద పడగానే అతను ఉలిక్కిపడ్డాడు. "ఎవర్రా ఇంత ఉప్పు వేసింది?"

వంటమేస్త్రి అప్పలకొండ తల గోక్కున్నాడు. "ఎప్పుడూ వేసిందే బాబూ. మీరు చెప్పిన కొలతే."

పైడిరాజుకు అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లూ చప్పబడింది సాంబారు కాదు, తన నాలుక. ఉప్పుకు అలవాటు పడి మొద్దుబారిన నాలుక ఈ నెలలో మళ్లీ తేరుకుంది. గబగబా లెక్క వేసి, ఉప్పు తగ్గేలా ఉడికించిన పప్పు, ముక్కలు, చింతపులుసు ఎంతెంత కలపాలో చెప్పాడు. కొలతను అక్కడే మార్చేశాడు.

పిల్లలు సాంబారు రెండోసారి, మూడోసారి అడిగి పోయించుకున్నారు. జోగారావు గారు చేయి కడుక్కుని వచ్చి, "ఒకటో తారీకు నుంచి మెస్సు నీదేనయ్యా" అన్నారు.

పాత్రలు సర్దుకుని భార్యాభర్తలు వ్యాను ఎక్కారు. ఇంటి మలుపు వచ్చినా పైడిరాజు తిప్పలేదు.

"ఎక్కడికి బావా?"

"డాక్టరు గారి దగ్గరకు. నీ బీపీ ఎప్పుడైనా చూపించుకున్నావా?"

"నాకెందుకు? గుండ్రాయిలా ఉన్నాను."

"నేనూ అలాగే అనుకున్నాను. పద, అంకె ఎంత వస్తే అంతే ఒప్పుకుందాం" అంటూ అతను వ్యానును ఆసుపత్రి రోడ్డుకు మళ్లించాడు.

మనకు నచ్చిన అంకె మనల్ని కాపాడదు. నిజమైన అంకెను ఒప్పుకుని, రోజూ దానికి తగ్గట్టు నడుచుకుంటేనే ఆరోగ్యం నిలుస్తుంది.