గురవమ్మ కట్టిన మనిషెత్తు బాన

అనగా అనగా, సూర్యుడు ఆలస్యంగా లేచి తొందరగా పడుకునే ఒక చలికాలంలో, ఏటి ఒడ్డున ఒక కుమ్మరి ఇల్లు ఉండేది. ఆ ఇంటి కోడలు గురవమ్మ. సూర్యుడికున్న సుఖం ఆమెకు లేదు. అందరికంటే ముందు లేచేది, అందరూ పడుకున్నాక పడుకునేది.

ఆమె భర్త చెంచయ్య సారె తిప్పి కుండలు, మూకుళ్లు చేసి సంతకు తీసుకుపోయేవాడు. పెద్ద బానలు మాత్రం సారె మీద లేవవు. మట్టిని తాడులా పేని, వరస మీద వరస పెట్టి, చేత్తో కట్టాలి. ఆ పని గురవమ్మది. అత్త రామక్క నేర్పింది. "ఒక వరస పెట్టు. లేచి ఇంటిపని చూసుకో. మళ్లీ వచ్చి ఇంకో వరస పెట్టు," అని చెప్పింది. రామక్కకు వాళ్ల అత్త కూడా అలాగే చెప్పిందట. ఎందుకలా అని ఎవరూ అడగలేదు. అడిగే తీరిక ఆ ఇంట్లో ఏ కోడలికీ దొరకలేదు.

ఆ ఏడు రాణిగారు ఊళ్లోకి కబురు పంపారు. "మాఘమాసం వచ్చేలోగా మా ధాన్యపు కొట్టుకు మనిషెత్తు బాన కావాలి. కట్టి ఇచ్చిన ఇంటికి ఏటి ఒడ్డు నల్లమట్టి నేల రాసిస్తాం."

గురవమ్మ ఇల్లు ఆ మట్టి మీదే బతుకుతోంది. అది ఇంకొకరి చేతికి పోతే సారెను అటకెక్కించాల్సిందే. చెంచయ్య వెళ్లి, ఛాతీ విరుచుకుని, "మేం కడతాం," అని ఒప్పుకుని వచ్చాడు. ఒప్పుకున్నది చెంచయ్య, కట్టాల్సింది గురవమ్మ. లోకంలో ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి పిల్లలూ.

గురవమ్మ మొదలుపెట్టింది. మట్టి చల్లగా ఉంది, వేళ్లు వంగనంటున్నాయి. ఒక వరస పెట్టిందో లేదో పిల్లలు పిలిచారు. "అమ్మా, ఆకలేస్తోంది." లేచింది. మరో వరస పెట్టిందో లేదో అత్త పిలిచింది. "గురవమ్మా, కుంపట్లో నిప్పు ఆరిపోయింది, కాళ్లు కొంకర్లు పోతున్నాయే." లేచింది. ఇంకో వరస చేతిలో ఉండగానే మొగుడు పిలిచాడు. "ఏమే, నా తలగుడ్డ ఎక్కడ పెట్టావు?" లేచింది. తలగుడ్డ అతని భుజం మీదే ఉంది.

చివరికి దొడ్లో గాడిద కూడా నోరు తెరిచి, "ఇంతమందిని చూశావు, నా తవుడు సంగతేమిటి?" అంది. దాని సంగతీ చూసింది.

లేచి వెళ్లిన ప్రతిసారీ బాన అంచు మీద తడిగుడ్డ కప్పాలి. లేకపోతే అంచు ఎండిపోయి, పైవరస దానికి అతుక్కోదు. ఒకనాడు అందరూ ఒకేసారి పిలిచేసరికి గురవమ్మ తడిగుడ్డ మరిచిపోయింది. తిరిగొచ్చి, అలసటలో చూసుకోకుండానే పైవరస పెట్టింది. మర్నాటికి అతుకు దగ్గర బాన చుట్టూ పగిలింది.

గురవమ్మ వాకిట్లో కూలబడి ఏడ్చింది. బాన పోయినందుకు కొంత, అలిసిపోయినందుకు చాలా.

ఆ దారిన పల్లకిలో వెళుతున్న రాణిగారు ఆగి, "ఎందుకమ్మా ఏడుస్తున్నావు?" అని అడిగారు.

"ఒక్క రోజు తల్లీ. ఎవరూ పిలవని రోజు ఒక్కటి దొరికితే మీ బాన అయిపోతుంది," అంది గురవమ్మ.

రాణిగారిది మంచి మనసు. మర్నాడే ఇద్దరు దాసీలను పంపారు. పొద్దు గూకేదాకా గురవమ్మను ఎవరూ పిలవకూడదని ఇంటిల్లిపాదికీ చెప్పించారు.

గురవమ్మ కూర్చుంది. ఎవరూ పిలవలేదు. వరస మీద వరస, వరస మీద వరస. మోకాలెత్తు అయింది, నడుమెత్తు అయింది, భుజమెత్తు అయింది. దొరక్క దొరికిన రోజు, తిండికెందుకు పోగొట్టుకోవాలని అన్నం కూడా తినలేదు. పొద్దు వాలే వేళకు ఆఖరి వరస పెట్టి, చేతులు కడుక్కుందామని అటు తిరిగింది. వెనక మెత్తగా చప్పుడైంది. బాన కిందినుంచి కుంగి, పక్కకు ఒరిగి, కుప్పగా కూలిపోయింది.

రామక్క వచ్చి అడుగు వరసను వేలితో నొక్కి చూసింది. వేలు లోపలికి దిగిపోయింది.

"ఇంకా పచ్చిగానే ఉందే," అంది. "నువ్వు లేచి వెళ్లినప్పుడల్లా కింది వరస ఆరి, పైబరువు మోసే బలం తెచ్చుకునేది. ఈ రోజు నువ్వు లేవలేదు. మా అత్త లేచి వెళ్లమన్నది ఇంటిపని కోసమేననుకున్నాను ఇన్నేళ్లూ."

గురవమ్మ కూలిన మట్టి పక్కనే చతికిలబడింది. తాను పరుగెత్తిన ప్రతిసారీ ఇక్కడ మట్టి తీరిగ్గా విశ్రాంతి తీసుకుందన్నమాట. మట్టికి దొరికిన ఆ కాస్త విశ్రాంతి తనకు ఒక్కనాడూ దొరకలేదు. ఆ మాట తట్టగానే ఆమెకు మళ్లీ ఏడుపొచ్చింది.

మర్నాడు రాణిగారు బాన చూడటానికి వచ్చారు. చెంచయ్య పెళ్లాం చెవిలో, "మట్టి మంచిది కాదని చెప్పెయ్. పరువు దక్కుతుంది," అన్నాడు.

గురవమ్మ ఆ మాట చెప్పలేదు. "తప్పు మట్టిది కాదు తల్లీ, నాదే. ఆరనివ్వకుండా కట్టాను. మాఘానికి ఇంకా గడువుంది, మళ్లీ కడతాను," అంది.

"అయితే దాసీలను ఇక్కడే ఉంచనా?"

"వద్దు తల్లీ. మా ఇంట్లో చేతులకు కొదవ లేదు. ఇన్నాళ్లూ నోళ్లు మాత్రమే పనిచేశాయి." నెమ్మదిగానే అంది. కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఆమెకు లేదు. "వరసకూ వరసకూ మధ్య మట్టి ఆరుతుంది. ఆ కాసేపూ నేను పడుకుంటాను. అప్పుడు నన్ను పిలవొద్దని వీళ్లకు మీరే చెప్పండి. వద్దులెండి, నేనే చెబుతున్నాను."

రాణిగారు ఇంటివాళ్ల వైపు తిరిగి, "విన్నారుగా," అన్నారు. చెంచయ్య తల దించుకున్నాడు.

గురవమ్మ మూడోసారి మొదలుపెట్టింది. ఒక వరస పెట్టి, అంచు మీద మాత్రం తడిగుడ్డ కప్పి, పక్కనే చాప మీద వాలిపోయేది. చెంచయ్య వండిన అన్నం మొదటిరోజు మాడింది, రెండోరోజు ముద్దయింది. ఎవరూ ఏమీ అనకుండా తిన్నారు. రామక్క తన కుంపటి తానే రాజేసుకుంది. పిల్లలు గాడిదకు తవుడు పెట్టారు. ఎక్కువే పెట్టారు కాబట్టి అది కూడా నోరు మూసుకుంది.

బాన నెమ్మదిగా లేచింది. మోకాలెత్తు, నడుమెత్తు, మనిషెత్తు. నీడలో ఆరబెట్టి, చుట్టూ పిడకలూ గడ్డీ పేర్చి కాల్చారు. ఎక్కడా పగులు లేదు.

మాఘం రాకముందే రాణిగారి మనుషులు బండి తోలుకొచ్చారు. "బాన కట్టినామె ఏది? ఏటి ఒడ్డు ఆమెదేనని రాణిగారు ఆమెతోనే చెప్పి రమ్మన్నారు," అని గట్టిగా అడిగారు.

చెంచయ్య గబగబా గుమ్మానికి అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"నెమ్మదిగా మాట్లాడండి బాబూ. పడుకుంది. లేచాక చెబుదురుగాని, కూర్చోండి."

వాళ్లు వాకిట్లో కూర్చున్నారు. ఆమె లేచేదాకా బానను ఎవరూ కదపలేదు.

చేసే పనికి ఆగే వేళ ఎంత అవసరమో, ఆ పని చేసే మనిషికీ అంతే అవసరం. ఇంటివాళ్లు అది తెలుసుకుంటేనే ఇల్లు నిలబడుతుంది.