ఎస్తేరు గారి కుడి చేతి గోళ్ళు

కాకినాడలో ఒక మేడ మీద పెట్టుడు గోళ్ళ షాపు పెట్టి ఆ పని నేర్పే ఎస్తేరు గారికి ఒక అలవాటు ఉండేది. ఆవిడ ఎడమ చేతి గోళ్ళు వారానికో రంగులో, చూసినవాళ్ళు మళ్ళీ తిరిగి చూసేంత పొందికగా ఉండేవి. కుడి చేతికి మాత్రం ఏమీ ఉండేది కాదు. పొట్టిగా కత్తిరించిన మామూలు గోళ్ళు, అంతే. కొత్తగా వచ్చినవాళ్ళు విడ్డూరంగా చూస్తే, పాతవాళ్ళు అది వ్యాపారంలో తెలివని రహస్యం విప్పినట్టు చెప్పేవారు. పెట్టించుకుంటే ఎలా ఉంటుందో ఒక చెయ్యి, పెట్టించుకోకపోతే ఎలా ఉంటుందో ఒక చెయ్యి, రెండూ బల్ల మీద పక్కపక్కన కనిపిస్తుంటే ఇక బోర్డు ఎందుకని వాళ్ళ వాదన. ఆ మాట చెవిన పడినా ఎస్తేరు గారు అవుననేవారు కాదు, కాదనేవారు కాదు.

ఆవిడకి ఇంకో గుణం కూడా ఉంది. ప్రశ్న అడిగినవాళ్ళకి జవాబు చెప్పరు. ఏదో ఒక పని చెబుతారు. ఆ పని చేశాక జవాబు తెలిస్తే తెలిసినట్టు, లేకపోతే వాళ్ళ ఖర్మ.

లోవకుమారి తుని దగ్గర పల్లె నుంచి వచ్చి ఆవిడ దగ్గర చేరింది. పెంచిన అమ్మమ్మ పోయాక కొన్నాళ్ళు మేనమామ ఇంట్లో ఉంది. అక్కడ ఆమెనెవరూ పల్లెత్తు మాట అనలేదు. కాకినాడ వెళ్ళి పని నేర్చుకుంటానంటే ఉండమనీ అనలేదు. హాస్టల్లో ఒక మంచం తీసుకుని, పొద్దున్నే షాపుకి రావడం, సాయంత్రం మంచం దగ్గరికి పోవడం, ఇదే ఆమె బతుకైంది. షాపులో నేర్చుకునేవాళ్ళు ఇంకో ఇద్దరు ఉన్నారు గానీ వాళ్ళది ఒకే వీధి, ఒకే బడి. ఖాళీ దొరికితే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని సాధన చేసుకునేవారు. లోవకి మిగిలింది షాపులో ఉన్న రబ్బరు చెయ్యి. అది కూడా ఎడమదే.

మొదట్లో ఎస్తేరు గారు ఎవరిచేతా గోళ్ళు పెట్టించరు, తీయిస్తారు. అసిటోన్‌లో ముంచిన దూది గోటి మీద ఉంచి, పైన వెండి కాగితం చుట్టి, జిగురు నానాక మెల్లగా తీయడం. ఆ పని చేసీ చేసీ లోవకి ఒక సంగతి వేళ్ళకి పట్టింది. దానంతటది ఊడిన గోటి కింద జిగురు పెచ్చులు పెచ్చులుగా మిగులుతుంది, అసలు గోటి పొర కూడా కాస్త లేచి వస్తుంది. నానబెట్టి తీసిన గోటి కింద శుభ్రంగా ఉంటుంది, చుట్టూ చర్మం తెల్లగా పొడిబారుతుంది. కళ్ళు మూసుకుని తడిమినా ఆమె తేడా చెప్పగలదు.

ఆ తర్వాత పెట్టడం మొదలైంది. చిక్కూ అక్కడే మొదలైంది. వచ్చినవాళ్ళ ఎడమ చేతికి లోవ పెట్టిన గోళ్ళు చెక్కు చెదరకుండా ఉండేవి. కుడి చేతికి పెట్టినవి వారం తిరక్కుండా లేచిపోయేవి. పెట్టించుకున్నవాళ్ళు మళ్ళీ వచ్చి, ఏమీ అనకుండా వేరే అమ్మాయి ముందు కూర్చునేవారు. దానికన్నా నాలుగు తిడితే బాగుండునని లోవకి అనిపించేది. కిటికీ పక్కన కుర్చీ ఒకటి ఖాళీ అయింది. ముగ్గురిలో ఒకరికి ఆ కుర్చీ ఇచ్చి పనిలో ఉంచుకుంటానని, మిగతా ఇద్దరూ వేరే దారి చూసుకోవాలని ఎస్తేరు గారు ముందే చెప్పేశారు. ఆ ఇద్దరికీ ఇళ్ళున్నాయి. లోవకి వేరే దారి అంటే మేనమామ ఇల్లే. అక్కడికి తిరిగి వెళ్తే మళ్ళీ ఎవరూ ఏమీ అనరు. ఆ మాట తలుచుకుంటేనే ఆమెకి గుండె నీరైపోయేది.

ఒక ఆదివారం షాపు కట్టేసే వేళకి ధైర్యం కూడగట్టుకుని అడిగింది.

"మేడమ్ గారండి, ఎడం చేతివి ఉంటున్నాయి, కుడి చేతివి ఊడిపోతున్నాయండి. అన్నం తినే చెయ్యి కదండి, కడగడం ఎక్కువని ఊడుతున్నాయేమో. కుడి చేతికి జిగురు మార్చమంటారా?"

ఎస్తేరు గారి చేత పెట్టించుకున్నవాళ్ళు కూడా కుడి చేత్తోనే అన్నం తింటారు, వాళ్ళవి ఊడవు. కానీ ఆవిడ ఆ మాట అనలేదు. తువ్వాలు మడత పెడుతూ, "రేపు సెలవు కదా. ఎవరిదైనా ఒక కుడి చేతికి గోళ్ళు పెట్టి, ఎల్లుండి వాళ్ళని తీసుకొచ్చి నాకు చూపించు. షాపుకొచ్చేవాళ్ళు వద్దు. నీ వాళ్ళు ఎవరైనా సరే," అన్నారు.

సోమవారం పొద్దున్నే లోవ సామాను సంచీలో వేసుకుని బయల్దేరింది. పనసతొనలు వలిచి అమ్మే ఆవిడ దగ్గర ఆగి కొనుక్కుంది. పనస జిగురు అంటకుండా నూనె రాసుకున్న ఆవిడ చేతులు నిగనిగలాడుతున్నాయి. అడగబోయి, చిల్లర తీసుకుని వచ్చేసింది. బస్టాపులో ఒకమ్మాయి తన గోళ్ళ వంక చూసుకుంటూ నిలబడింది. లోవ ఆమె పక్కనే నిలబడి మాట కూర్చుకునేలోగా బస్సొచ్చింది. ఆ మాట ఎలా కూర్చినా బాగుండడం లేదు. ముక్కూ మొహం తెలియని మనిషిని కాసేపు మీ కుడి చెయ్యి ఇస్తారా అని ఎలా అడుగుతారు? తెలిసిన మనుషులు ఎవరున్నారా అని ఆలోచించింది. ఊరంతా కళ్ళ ముందు తిరుగుతోంది, ఒక్క పేరూ గుర్తు రాలేదు.

ఎండ ఎక్కువై గదికి తిరిగొచ్చింది. పక్క మంచం అమ్మాయి పేరు గ్రీష్మ, బ్యాంకు పరీక్షలకి చదువుతుంది. ఇద్దరిదీ ఒకే అద్దం, ఒకే బకెట్టు. ఒకరి అలారం ఇంకొకరికి తెలుసు. మాట్లాడుకున్నది మాత్రం తాళంచెవి ఎక్కడ పెట్టాలన్నదాని గురించే. ఆ వేళ గ్రీష్మ ఫోను చూస్తూ పడుకుని ఉంది. కుడి చెయ్యి మంచం మీంచి కిందికి వేలాడుతోంది, అందుకుంటే అందేటంత దగ్గరలో. లోవ ఆ చెయ్యి వంక చూస్తూ నిలబడిపోయింది.

"ఏమైనా కావాలా?" అంది గ్రీష్మ తల తిప్పి.

"ఏం లేదండి. ఫ్యాను తగ్గించమంటారేమోనని."

"పర్లేదు, ఉండనివ్వండి."

లోవ తన మంచం మీదికి పోయి గోడవైపు తిరిగి కూర్చుంది. ఏడుపొచ్చింది. సాయంత్రానికి లేచి, మొహం కడుక్కుని, ఎడమ చేత్తో తన కుడి చేతికే గోళ్ళు పెట్టుకుంది. ఎడమ చెయ్యి మాట వినలేదు. జిగురు చర్మం మీదికి పాకింది. ఒక్కో గోరు ఒక్కో దిక్కు చూస్తూ నిలబడింది. భోజనాల దగ్గర ఆ చేత్తో పప్పన్నం కలపలేక చెంచా తెచ్చుకుంది. ఎవరూ ఎందుకని అడగలేదు.

మంగళవారం చున్నీ కింద చెయ్యి దాచుకుని షాపుకి వచ్చింది. దాగితే కదా, మిగతా ఇద్దరూ చూడనే చూశారు, నవ్వు ఆపుకోలేకపోయారు. ఎస్తేరు గారు వాళ్ళని టీ తాగి రమ్మని కిందికి పంపించేశారు. ఆవిడ లోవ రెండు చేతులూ బల్ల మీది తువ్వాలు మీద పెట్టించి, ఆ కుడి చేతి అందచందాల జోలికి పోకుండా, ఎడమ చేతి గోటి మీద బొటనవేలు ఆనించారు. ఆ గోరు కాగితమంత పల్చగా ఉంది. అయిదు వేళ్ళూ అంతే. పెట్టి, నానబెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, ఎన్ని సాయంత్రాలు అరగదీస్తే అలా అవుతాయో ఆవిడకి తెలుసు.

"రోజూ దీనికే పెట్టుకుంటున్నావా?"

"అవునండి."

"చూడు. గోరు ఏదీ తిన్నగా ఉండదు, కాస్త ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. ఎడం చేతిది ఇటు ఒరిగితే కుడి చేతిది అటు ఒరుగుతుంది. నువ్వు కుడి చెయ్యి పట్టుకుని ఎడం చెయ్యనుకుని పెడుతున్నావు. ఆ ఒరిగిన పక్క పెట్టుడు గోరు ఆనక వెంట్రుకవాసి సందు మిగులుతోంది. నీళ్ళు అక్కడే దూరుతున్నాయి." ఎస్తేరు గారు అంత పొడుగు మాట్లాడడం లోవ ఎప్పుడూ వినలేదు. ఆవిడే మళ్ళీ అడిగారు. "నిన్న ఎవరూ దొరకలేదా?"

"లేదండి."

"ఎవరినైనా అడిగావా?"

లోవ తల వంచుకుంది. "లేదండి," అంది.

కిందినుంచి ఆటోల రొద వినిపిస్తోంది. ఎస్తేరు గారు లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, పెట్టించుకునేవాళ్ళ కుర్చీలో కూర్చున్నారు. షాపు తెరిచిన నాటినుంచి ఆవిడ ఆ కుర్చీలో కూర్చోగా చూసినవాళ్ళు లేరు. కూర్చుని, ఆ బోడి కుడి చెయ్యి తువ్వాలు మీద పెట్టారు.

"నేనూ అడగలేదు," అన్నారు.

లోవకి అప్పుడు అర్థమైంది. వ్యాపారం లేదు, తెలివీ లేదు. ఆవిడ ఎడమ చేతి గోళ్ళు ఆవిడే పెట్టుకుంటున్నారు. కుడి చేతికి పెట్టేవాళ్ళు లేరు. షాపు వెనక వాటాలో ఒక్కరే వండుకుని ఒక్కరే తినే మనిషి, ఇంతమందికి పని నేర్పి కూడా, నాకు పెట్టండి అని ఒక్కరినీ అడగలేక, జనం కట్టిన కథ వెనక చెయ్యి దాచుకున్నారు.

తన చేతికున్న వంకర గోళ్ళు నానబెట్టి తీసుకుని, లోవ ఆవిడ చెయ్యి అందుకుంది. చల్లగా, కర్రలా బిగుసుకుని ఉంది. వచ్చినవాళ్ళందరికీ ఎస్తేరు గారు మొదట చెప్పే మాట ఒకటుంది, చెయ్యి వదిలెయ్యండి, నేను పట్టుకుంటాను కదా అని. ఇప్పుడు ఆవిడకే అది చేతకావడం లేదు. లోవ వేలు తిప్పుదామంటే వేలు రావడం లేదు.

"మేడమ్ గారండి," అంది లోవ. "చెయ్యి వదిలెయ్యండి. నేను పట్టుకుంటాను కదండి."

ఎస్తేరు గారు నవ్వారు. ఆ నవ్వులో చెయ్యి కాస్త సడలింది. లోవ ఒక్కో గోటినీ ముందు బొటనవేలితో తడిమి, అది ఎటు ఒరిగిందో తెలుసుకుని, ఆ తర్వాతే పెట్టింది. పనిలో పడ్డాక ఆవిడ ఏవేవో అడిగారు, మీ అమ్మమ్మ పేరేంటని, పనస పొట్టు కూర ఎలా వండేదని. లోవ చెబుతూనే ఉంది. చిటికెన వేలు దగ్గరికి వచ్చేసరికి తను ఇంతసేపు మాట్లాడి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తు రాలేదు.

"వచ్చే మంగళవారం చూద్దాం," అన్నారు ఎస్తేరు గారు లేస్తూ. కుర్చీ సంగతి కూడా ఆ రోజే తేలుతుందని లోవకి తెలుసు.

ఆ వారమంతా లోవ కళ్ళు ఆ చెయ్యి మీదే ఉన్నాయి. ఆ చేత్తోనే ఆవిడ క్యారియర్ మూత తీశారు, చారన్నం కలుపుకున్నారు, షాపు తలుపు లాగారు. ఒక్క గోరూ కదల్లేదు. ఆదివారం సాయంత్రం వెళ్ళేముందు కూడా చూసుకుంది, అయిదూ గట్టిగా ఉన్నాయి.

మంగళవారం ఎస్తేరు గారు కిటికీ దగ్గర బల్ల ముందు, పెట్టించుకునేవాళ్ళ వైపు కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఖాళీ కుర్చీ. లోవని అందులో కూర్చోమన్నారు. తువ్వాలు మీద కుడి చెయ్యి పెట్టారు. నాలుగు వేళ్ళకి గోళ్ళున్నాయి. చిటికెన వేలికి లేదు.

లోవకి ప్రాణం పోయినంత పనైంది. ఆ వేలు పట్టుకుని చూసింది. గోటి మీద జిగురు పెచ్చు ఒక్కటి లేదు. పొర లేవలేదు. చుట్టూ చర్మం తెల్లగా, పొడిబారి ఉంది.

అది ఊడిన గోరు కాదు. ఆమె తలెత్తింది. ఎస్తేరు గారు కిటికీలోంచి రోడ్డు వంక చూస్తున్నారు.

"చిటికెన వేలిది ఊడిపోయింది," అన్నారు. "మళ్ళీ పెట్టాలి. వచ్చే వారం ఇంకోటేదైనా ఊడుతుందేమో, ఎవరో ఒకరు ఆ కుర్చీలో ఉండాలి కదా."